ఇంట పులియబెట్టిన ధాన్య పానీయాల రుచి: ముడిసరుకు, మొలక, మాగుదల

ఉపోద్ఘాతం

ఎన్.టి.ఆర్. జిల్లా గంపలగూడెం ప్రాంతానికి చెందిన మా పూర్వ విద్యార్థి ఒకడు ప్రస్తుతం అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. వయోజనులు సొంత వాడకానికి ఇంట బీరు తయారుచేసుకొనుటకు ఆ దేశంలో 1978లో చేసిన సమాఖ్య చట్టం వీలు కల్పించింది. తల్లి పంపిన రాగులను మొలకెత్తించి అతడు బీరు తయారుచేశాడు. ఫలితం తృప్తికరంగా లేక నాకు ఒక ఉత్తరం వ్రాశాడు. అందులోని ప్రశ్నలు మూడు. "రుచి పలుచగా ఉంది, చివర పులుపు తగులుతోంది, కారణమేమి? ఆవకాయ మాదిరి ఆరు నెలలు మాగనిస్తే బాగుపడుతుందా? రాగులకు బదులు మా చేలో పండిన జొన్నలను మొలకెత్తించి వాడవచ్చునా? ఆ మొలక జొన్న పిండి మా పాపకు జావగా కూడా పనికివస్తుంది గదా సార్?"

మొదటి రెండు ప్రశ్నలు రుచికి సంబంధించినవి. మూడవది ప్రాణానికి సంబంధించినది. ఈ మూడింటికీ సమాధానం ఒకే శాస్త్రంలో ఉన్నందువలన, విస్తరణ శాస్త్రవేత్తలకూ విద్యార్థులకూ ఉపకరించునని ఆ వివరణను ఈ వ్యాసంగా విస్తరించాను.

ఒక విషయం ముందుగానే స్పష్టం చేయవలసి ఉంది. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయాన్ని తయారుచేయుట నేరం. ఆరోగ్యరీత్యా ఏ మోతాదులోనూ మద్యం పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. కావున ఈ వ్యాసం మన గ్రామాలలో బీరు తయారీని ప్రోత్సహించుటకు ఉద్దేశించినది కాదు. అయితే బీరుకు ఆధారమైన మొలకధాన్యం, అంటే మాల్టు, మన అంబలికీ, రాగి మాల్టుకూ, పసిపిల్లల జావకూ కూడా ఆధారమే. అక్కడ వర్తించే సూత్రాలు ఇక్కడా వర్తిస్తాయి.

రాగి, బీరు: పాత సంబంధం

రాగి జన్మస్థానం తూర్పు ఆఫ్రికా ఎత్తైన ప్రాంతాలు. ఉగాండా మొదలైన దేశాలలో నేటికీ రాగి పంటలో కొంత భాగం బీరు తయారీకే పోతుంది. హిమాలయ ప్రాంతమైన సిక్కింలో రాగులను ఉడికించి, 'మర్చా' అనే ఎండు బిళ్ళలను పొడిచేసి కలిపి పులియబెడతారు. ఆ ముద్దను వెదురు పాత్రలో వేసి, వేడినీరు పోసి, సన్నని వెదురు గొట్టంతో పీల్చి త్రాగుతారు. మర్చాలో రైజోపస్, మ్యూకర్ జాతుల బూజులు, కొన్ని రకాల ఈస్టులు ఉంటాయి. బూజులు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఈస్టులు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తాయి. మన పొరుగున ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో గిరిజనులు ఇటువంటి పులిసిన ధాన్య పానీయాన్ని 'లాందా' అంటారు.

ఈ సంప్రదాయ పానీయాలన్నిటిలో ఒక సామాన్య లక్షణాన్ని గమనించాలి. వడగట్టిన పానీయాన్ని ఎవరూ నెలల తరబడి నిల్వ చేయరు, తాజాగానే వాడుతారు. ఐరోపా బీరులో ఉండే హాప్స్ పువ్వుల చేదు వీటిలో లేదు. ఆ చేదు రుచికి మాత్రమే కాదు, పులుపు పుట్టించే బాక్టీరియాను అదుపులో ఉంచుటకు కూడా పనికివస్తుంది. హాప్స్ లేని పానీయం త్వరగా పులియుట సహజం. మా విద్యార్థి ఎదుర్కొన్న పులుపునకు ఒక కారణం ఇక్కడే ఉంది.

ధాన్యం ఎంపిక

బీరు రుచి పొలంలోనే మొదలవుతుంది. బార్లీ గింజలో మాంసకృత్తులు సుమారు 10 నుంచి 12 శాతం ఉండగా రాగిలో సుమారు 7 శాతం మాత్రమే ఉంటాయి. బీరు నురుగుకూ, నోటిలో తగిలే చిక్కదనానికీ మాంసకృత్తులు ముఖ్య ఆధారం. కనుక రాగితో మాత్రమే చేసిన బీరు పలుచగా అనిపించుట తయారీలోని లోపం కాదు, గింజ స్వభావం. రెండవది, బార్లీ పొట్టు వడపోతకు సహజమైన జల్లెడ వలె పనిచేస్తుంది. రాగికి అటువంటి పొట్టు లేనందున రసం మడ్డిగా దిగి, వడకట్టుట ఆలస్యమవుతుంది. మూడింట రెండు వంతులు బార్లీ మాల్టు, ఒక వంతు రాగి మాల్టు కలిపితే ఈ రెండు లోపాలూ చాలవరకు తీరి, రాగి సువాసన మిగులుతుంది.

గింజ రంగు కూడా ముఖ్యమే. ఎర్ర రాగుల పైపొరలో టానిన్లు ఉంటాయి. ఇవి వగరును ఇస్తాయి. తెల్ల రాగులలో ఇవి చాలా తక్కువ. మన రాష్ట్రంలో విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం విడుదల చేసిన భారతి, శ్రీచైతన్య ఎర్ర గింజ రకాలు కాగా, హిమ తెల్ల గింజ రకం. జావకైనా, మాల్టుకైనా వగరు తక్కువగా కావలసినపుడు తెల్ల రకాన్ని పరిశీలించవచ్చు.

ఏ రకమైనా గింజకు మొలకశాతం ఉండాలి. తినుటకు పనికివచ్చే గింజ అంతా మాల్టుకు పనికిరాదు. పాతబడిన, పురుగు పట్టిన, అతివేడిలో నిల్వ ఉన్న గింజ సగమే మొలకెత్తుతుంది. మొలకెత్తని గింజ నానిన తేమలో కుళ్ళి, మిగిలిన గింజకు దుర్వాసన అంటిస్తుంది. కావున నానబెట్టుటకు ముందు 100 గింజలను తడిగుడ్డలో ఉంచి పరీక్షించాలి. 90కి తక్కువ మొలకెత్తితే ఆ గింజను మాల్టుకు వాడరాదు.

బూజు పట్టిన గింజ విషయంలో ఎటువంటి మినహాయింపూ లేదు. ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే శిలీంధ్రం విడుదల చేసే అఫ్లాటాక్సిన్ ఉడికించినా, పులియబెట్టినా నశించిపోదు. వానలలో కంకి గట్టిపడే ఖరీఫ్ జొన్నకు గింజ బూజు తెగులు ఎక్కువ. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ ఈ తెగులుపై విస్తృతంగా పరిశోధించింది. నల్లబడిన గింజను కడిగి, వేపి మాల్టులో కలుపుట గ్రామాలలో కనిపించే అలవాటు. దీనిని నివారించుట విస్తరణ కార్యకర్తల బాధ్యత.

మొలకెత్తించుట, ఆరబెట్టుట, వేపుట

గింజలోని పిండిపదార్థాన్ని ఈస్టు నేరుగా వాడుకొనలేదు. మొలకెత్తునపుడు గింజలో పుట్టే అమైలేజ్ ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. చిరుధాన్యాలలో రాగి మాల్టుకు ఈ శక్తి చెప్పుకోదగినంతగా ఉంటుంది. మన ఇళ్ళలో మొలకెత్తించిన రాగుల జావ పలుచగా, తీయగా ఉండుటకు కారణం ఇదే.

పద్ధతి క్లిష్టమైనది కాదు, కాని శ్రద్ధ కావాలి. రాగులను 12 నుంచి 24 గంటలు నానబెట్టి, నీటిని ప్రతి 6 నుంచి 8 గంటలకు మార్చాలి. తరువాత తడి గోనెపై పలుచగా పరచి, 25 నుంచి 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 48 గంటలు మొలకెత్తనివ్వాలి. మధ్యమధ్య నీరు చిలకరిస్తూ గింజను కలియదిప్పాలి. లేనియెడల మొలకల శ్వాసక్రియలో పుట్టే వేడి అడుగున నిలుస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే గంపలగూడెం వంటి ప్రాంతాలలో ఈ దశను ఏప్రిల్, మే నెలల్లో ఆరుబయట చేయుట తగదు. ఉద్యోగం తొలినాళ్ళలో నేను వేసవిలో మొలకెత్తించిన మొదటి రాగులు రెండవ రోజుకే పుల్లని వాసన వేశాయి. రాత్రి నీరు మార్చకపోవుట, గింజను మందంగా పరచుట నేను చేసిన పొరపాట్లు. ఆ గింజను ఎంత ఎండబెట్టినా ఆ వాసన పోలేదు.

మొలక తగిన పొడవు రాగానే ఆరబెట్టి, తేమను 10 నుంచి 12 శాతానికి లోపు తేవాలి. తొలుత నీడలో గాలికి, పిదప ఎండలో ఆరబెట్టుట మంచిది. తడిగింజకు ఒక్కసారిగా ఎక్కువ వేడి తగిలితే ఎంజైములు నశిస్తాయి. ఆరిన తరువాత వేర్లను నలిపి, చెరిగి తీసివేయాలి. చివర 70 నుంచి 75 డిగ్రీల వేడి తగిలినపుడు చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి గోధుమ రంగునూ కమ్మని వాసననూ ఇస్తాయి. వేయించిన వేరుసెనగలోనూ, దోరగా కాలిన రొట్టెలోనూ ఆ సువాసన ఇటువంటి చర్య వలననే కలుగుతుంది. మొత్తం మాల్టులో 5 నుంచి 10 శాతాన్ని మాత్రం బాణలిలో ముదురుగా వేపి కలిపితే పానీయానికి రంగు, గాఢత వస్తాయి. అంతా ముదురుగా వేపితే ఎంజైములు మిగలవు. పిండి పిండిగానే ఉండిపోతుంది.

జొన్న మొలక: ఒక హెచ్చరిక

మా విద్యార్థి మూడవ ప్రశ్నకు సమాధానం ఇక్కడ చెప్పవలసి ఉంది. లేత జొన్న పైరును గాని, కోత తరువాత వచ్చిన పిలకలను గాని మేసిన పశువులు నురుగులు కక్కి పడిపోవుటను మన రైతులు 'నాము' తగిలిందంటారు. జొన్న లేత భాగాలలో ఉండే ధురిన్ అనే పదార్థం విచ్ఛిన్నమై హైడ్రోజన్ సయనైడ్‌ను విడుదల చేయుట దీనికి కారణం. ఎండిన జొన్న గింజలో ధురిన్ నామమాత్రం. కాని గింజ మొలకెత్తగానే మొలకలోనూ వేరులోనూ ఇది తయారవుతుంది. అంటే పశువుకు నాము తగిలించే పదార్థమే మన గోనెపై పరచిన జొన్న మొలకలో కూడా ఉంటుంది.

చేలోని నాము గురించి తెలిసిన రైతు కూడా ఇంటిలోని మొలక జొన్నను ఆ దృష్టితో చూడడు. రాగి మొలక, పెసర మొలక ఆరోగ్యకరమని విన్నవారు జొన్న మొలక కూడా అంతేనని భావించుట సహజం. ఆఫ్రికా దేశాలలో జొన్న మాల్టుతో బీరు చేస్తారన్నది వాస్తవమే. అక్కడ మాల్టును ఎండబెట్టి, మొలకలను వేర్లను తొలగించి, పిండిని నీటిలో కలిపి మూతలేని పాత్రలో చాలాసేపు మరగించే క్రమం ఉంది. సయనైడ్ ఆవిరై పోయే స్వభావం కలది. ఈ క్రమంలో చాలా భాగం తొలగిపోతుంది. మొలకలతో సహా మరపట్టించిన పిండిని కొద్దిసేపు ఉడికించి జావగా ఇచ్చినపుడు ఆ రక్షణ లేదు. శరీర బరువు తక్కువైన పసిపిల్లలకు ప్రమాదం ఎక్కువ.

కావున పిల్లల జావకు జొన్నను మొలకెత్తించకుండా, మామూలు గింజగానే వాడాలి. మొలక కావలసినచోట రాగిని వాడాలి. మా విద్యార్థికి ఈ విషయాన్ని ఉత్తరంలో కాక, ఆ రోజే ఫోనులో చెప్పాను.

ఉడికించుట, చల్లార్చుట

మాల్టు పిండిని వేడినీటిలో కలిపి 62 నుంచి 68 డిగ్రీల మధ్య సుమారు ఒక గంట ఉంచితే ఎంజైములు తమ పని చేస్తాయి. తక్కువ వేడిలో పులియగల చక్కెరలు ఎక్కువగా వచ్చి పానీయం పలుచనవుతుంది. ఎక్కువ వేడిలో పులియని చక్కెరలు మిగిలి చిక్కదనం వస్తుంది. 70 డిగ్రీలు దాటితే ఎంజైములు క్రమంగా నశిస్తాయి. జొన్న పిండి ఉడికి జిగటగా మారుటకు సుమారు 68 నుంచి 78 డిగ్రీలు కావాలి. రాగికి కూడా బార్లీ కంటె కొంత ఎక్కువ వేడి కావాలి. అంటే గింజ ఉడికే వేడిలో ఎంజైము బ్రతకదు. ఎంజైము బ్రతికే వేడిలో గింజ ఉడకదు. దీనికి పరిష్కారం సులభమైనది. మొదట తేటనీటిని తీసి పక్కన ఉంచాలి. ఎంజైములు అందులోనే ఉంటాయి. అడుగున దిగిన పిండిని ఉడికించి, 65 డిగ్రీలకు చల్లార్చి, పక్కన ఉంచిన తేటను తిరిగి కలపాలి. రాగి బీరు పలుచగా వచ్చుటకు ఈ దశను పాటించకపోవుట మరొక కారణం.

నీటి గుణాన్ని కూడా పరిశీలించాలి. బైకార్బొనేట్లు ఎక్కువగా గల బోరు నీరు క్షారగుణం వలన ఎర్ర రాగుల వగరును అధికంగా లాగుతుంది. పట్టణాల కుళాయి నీటిలోని క్లోరిన్ మందుల వాసనను కలిగిస్తుంది. నీటిని ముందుగా మరగించి చల్లార్చుట వలన క్లోరిన్ తొలగుతుంది.

వడగట్టిన తీపి రసాన్ని ఒక గంట మరగించి, వీలైనంత త్వరగా 25 డిగ్రీలకు దిగువకు చల్లార్చాలి. మాల్టు గింజపై సహజంగానే లాక్టిక్ బాక్టీరియా ఉంటుంది. రసాన్ని రాత్రంతా దానంతట అదే చల్లారనిస్తే, గాలి నుంచీ పాత్రల నుంచీ చేరిన సూక్ష్మజీవులు ఈస్టు కంటె ముందే పని ప్రారంభిస్తాయి. మా విద్యార్థి తన పాత్రను తెల్లవారే వరకు వంటగదిలో వదిలినట్లు తరువాత తెలిపాడు. చివర తగిలే పులుపునకు ప్రధాన కారణం అదే.

పులియబెట్టుట: ఉష్ణోగ్రత ప్రభావం

సాధారణ బీరు ఈస్టు 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉత్తమమైన రుచిని ఇస్తుంది. అంతకు మించిన వేడిలో పని వేగం పెరుగుతుంది, కాని ఘాటైన ఆల్కహాలులు, అతిగా పండిన పండు వాసనలు పుడతాయి. నార్వే పల్లెలలో తరతరాలుగా భద్రపరచిన 'క్వైక్' అనే ఈస్టు మాత్రం 30 నుంచి 40 డిగ్రీలలోనూ శుభ్రమైన రుచిని ఇస్తుంది. ఒక ప్రాంతపు రైతులు కాపాడుకున్న సూక్ష్మజీవికి ఎంతటి విలువ ఉండగలదో ఇది తెలుపుతుంది. మన అంబలి కుండల్లోని సూక్ష్మజీవులు కూడా విద్యార్థుల పరిశోధనకు తగిన విషయమే.

పులియుట ముగిసిందని తెలుసుకొనుటకు బుడగలను కాక హైడ్రోమీటరును నమ్మాలి. రెండు మూడు రోజుల వ్యవధిలో తీసిన రెండు కొలతలు ఒకటిగా ఉంటేనే సీసాలలో నింపాలి. నురుగు కోసం సీసాలలో కలిపే చక్కెర లీటరుకు 6 నుంచి 7 గ్రాములు మించరాదు. అంటే 20 లీటర్లకు 120 నుంచి 140 గ్రాములు. పులియుట ముగియకముందే బిగించిన గాజు సీసా పగిలి కళ్ళకు, చేతులకు గాయాలు చేయగలదు.

మాగుదల: ఏది బాగుపడును, ఏది బాగుపడదు

మాగితే రుచి పెరుగుతుందన్న నమ్మకం మన ఇళ్ళలో బలమైనది. ఆవకాయ మాగాలి, బియ్యం పాతబడాలి. అయితే మాగుదల ఒకే రసాయన చర్య కాదు. ఆవకాయలో ఉప్పు, మామిడి పులుపు, పైన నిలిచిన నూనె సూక్ష్మజీవులనూ గాలినీ అడ్డుకుంటాయి. ఆ రక్షణలో ముక్కకు ఉప్పు, కారం పడతాయి. 4 లేక 5 శాతం ఆల్కహాలు గల బీరులో ఉప్పు లేదు, నూనె లేదు. దానిని కాపాడేవి మూడే: శుభ్రత, చల్లదనం, గాలి లేకపోవుట.

మాగుదలలో తగ్గే లోపాలు:
- వెన్న వాసన (డయాసిటైల్). పులియుట చివర రెండు మూడు రోజులు అదే వేడిలో ఉంచితే ఈస్టు దీనిని తిరిగి గ్రహిస్తుంది.
- పచ్చి ఆపిల్ వాసన (అసిటాల్డిహైడ్).
- ఈస్టు మడ్డి, పచ్చి వగరు. చల్లదనంలో ఇవి అడుగున పేరుకుంటాయి.

మాగుదలలో తగ్గనివి, లేక పెరిగేవి:
- బాక్టీరియా వలన కలిగిన పులుపు.
- అధిక వేడిలో పుట్టిన ఘాటు.
- బూజు వాసన, క్లోరిన్ వలన కలిగిన మందుల వాసన.
- ఆక్సిజన్ చేరుట వలన కలిగే తడి అట్టపెట్టె వాసన.

జర్మన్ భాషలో 'లాగర్న్' అనగా నిల్వ చేయుట; లాగర్ బీరుకు ఆ పేరు అందువలననే వచ్చింది. ఆ నిల్వ 0 నుంచి 4 డిగ్రీల మధ్య కొన్ని వారాలు జరుగుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినపుడు రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్నది స్థూల సూత్రం. ఆ లెక్కన 4 డిగ్రీల వద్ద ఎనిమిది వారాలలో జరిగే మార్పు 34 డిగ్రీల గదిలో ఒక వారంలోనే జరిగిపోతుంది. అదియును మాగుదల కాదు, పాడగుట. 8 నుంచి 10 శాతం ఆల్కహాలు గల ముదురు రంగు బీర్లు మాత్రం చల్లని చీకటి గదిలో ఏడాది మాగి మెరుగుపడతాయి. హాప్స్ కలిపిన బీరుకు ఎండ తగిలితే దుర్వాసన పుడుతుంది. గోధుమ రంగు సీసాలు వాడుట అందువలననే.

కావున మా విద్యార్థి రెండవ ప్రశ్నకు సమాధానం ఇది: అతడి బీరులోని పచ్చితనం చల్లదనంలో మూడు నాలుగు వారాలకు తగ్గవచ్చు; పలుచదనం, పులుపు ఆరు నెలలైనా పోవు. వాటిని తరువాతి విడతలో గింజ వద్ద, చల్లార్చే దశ వద్ద సరిచేసుకోవాలి.

విస్తరణ కార్యక్రమాలకు అన్వయం

గంపలగూడెం వంటి మండలాలలో మనకు కావలసినది బీరు కాదు, నాణ్యమైన మాల్టు. మహిళా సంఘాలు రాగి మాల్టు పొడి తయారుచేసి అమ్మదలచినపుడు క్రింది అంశాలను శిక్షణలో చేర్చాలి. గింజకు మొలకశాతం పరీక్ష చేయుట. నల్లబడిన గింజను ఏరివేయుట. నానబెట్టిన నీటిని రాత్రి కూడా మార్చుట. వేసవిలో చల్లని గదిలో మొలకెత్తించుట. వేర్లను తొలగించి తేమను 10 నుంచి 12 శాతానికి లోపు తెచ్చి గాలి చొరని డబ్బాలలో నింపుట. అంబలిని ఎండాకాలంలో ఎక్కువసేపు పులియనివ్వక, శుభ్రమైన కుండలో రాత్రి కలిపి ఉదయమే వాడుట మేలు. జొన్న మొలక పిండిని పిల్లల ఆహారంగా అమ్మరాదన్నది వీటన్నిటికంటె ముందు చెప్పవలసిన మాట.

ముగింపు

విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలవదన్నది మన పెద్దల మాట. ధాన్య పానీయాల విషయంలో అది అక్షరసత్యం. గింజలోనూ, మొలకలోనూ, చల్లార్చుటలోనూ సమకూరిన గుణాన్ని కాలం కుదురుపరచగలదు గాని, అక్కడ జరిగిన తప్పును కాలం దిద్దలేదు. మా విద్యార్థి రెండవ విడతకు రాగి మాల్టును మూడవ వంతుకు తగ్గించి, రసాన్ని మంచునీటి తొట్టిలో చల్లార్చాడు. పులుపు లేదని వ్రాశాడు. అతడి తల్లి పంపిన జొన్నలు మాత్రం మొలకెత్తకుండానే రొట్టెలయ్యాయి. నాకు తృప్తినిచ్చిన వార్త అది.